గీజరు లైటు వెలుగుతుంది, నీళ్లు కాగవు: నా అనుభవం

విజయనగరంలో మా ఇంటి గీజరు సరిగ్గా భోగి తలంట్లనాడే మొండికేసింది. లైటు వెలుగుతోంది, నీళ్లు మాత్రం చన్నీళ్లే. ప్లగ్గు, ఎంసీబీ, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మార్చాం, అన్నీ దండగే.

చివరికి మెయిన్ ఆపి, టెస్టరుతో రెండుసార్లు చూసుకుని, కింది మూత విప్పాను. మల్టీమీటరు పెడితే నీళ్లు కాచే ఎలిమెంటు రెసిస్టెన్స్ 26 ఓమ్‌లు చూపించింది. 2000 వాట్లకి అంతే ఉండాలి. బాడీకి కరెంటు లీకేజీ లేదు. థర్మల్ కటౌట్‌కి (వేడి మితిమీరితే కరెంటు ఆపేసే స్విచ్చు) మాత్రం కంటిన్యుటీ లేదు, అంటే దాని గుండా కరెంటు దారి తెగిపోయింది! దాని వైరు చివరి లగ్గు (వైరుని బిగించే లోహపు ముక్క) నల్లగా మాడి, వేలితో తాకితే ఊగుతోంది. మాడిన ముక్క కోసి, కొత్త లగ్గు బిగించాను. ఆ తర్వాతే కటౌట్ నడుమ కందిగింజంత బటన్ నొక్కాను. టిక్కుమంది. అరగంటలో పొగలు కక్కే నీళ్లు.

లగ్గు వేడికే కటౌట్ ట్రిప్పయిందని నా అనుమానం. అందరికీ ఇదే కారణమని చెప్పలేను. కటౌట్ మళ్లీ మళ్లీ ట్రిప్పవుతుంటే మాత్రం బటన్ నొక్కుతూ కూర్చోకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.