సర్కస్ నుంచి వచ్చిన సింహానికి ఆట నేర్పడం ఎలా

భీముడు మా దగ్గరికి వచ్చేనాటికి వాడికి పన్నెండేళ్లు. సర్కస్ బండి మీది బోనులో పుట్టి అందులోనే పెరిగిన సింహం. ఎన్‌క్లోజర్‌లోకి, అంటే చుట్టూ కంచె ఉన్న ఆవరణలోకి, వదిలిన రోజు నాలుగడుగులు ముందుకు వేశాడు, వెనక్కి తిరిగాడు, మళ్లీ నాలుగడుగులు. చుట్టూ అంత జాగా ఉన్నా వాడి నడక పాత బోను పొడవు దాటలేదు. నెల తిరిగేసరికి ఆ నాలుగడుగుల మేరా గడ్డి పోయి ఎర్రమట్టి తేలింది.

పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగులు, కోతులతో ప్రదర్శనలు చేయించకూడదని కేంద్రం 1998లో నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు కూడా నిషేధం సరైనదేనంది. అలా బయటికి వచ్చిన జంతువుల కోసం విశాఖపట్నం, తిరుపతి, జైపూర్, భోపాల్ లాంటి చోట్ల రెస్క్యూ సెంటర్లు పెట్టారు. అలాంటి ఒక సెంటర్‌లో నేను పదహారేళ్లు కీపర్‌గా చేశాను. ఈ పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి, "అన్నా, వీటికి ఆడుకోవడానికి ఏం పెట్టాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు తాళం సంగతి. ఏ వస్తువు పెట్టాలన్నా జంతువు నైట్ హౌస్‌లో, అంటే రాత్రిళ్లు ఉంచే గదిలో, ఉండాలి, స్లైడింగ్ గేటు దించి తాళం వేసి ఉండాలి. తలకాయలు లెక్కపెట్టండి. మీరు లెక్కపెట్టాక పక్కవాడిని మళ్లీ లెక్కపెట్టమనండి. ఆ తర్వాతే లోపలికి అడుగు పెట్టండి. పదహారేళ్లలో ఒక్కరోజు కూడా నేను ఇది మానలేదు.

ఇక మొదటి ఆటవస్తువు. బాల్ కొనమని నేను చెప్పను. ఒక గోనెసంచి తెచ్చుకోండి, జనపనారది. ప్లాస్టిక్ సంచి వద్దు. సంచి మూతికి కుట్టిన దారం చాలాసార్లు ప్లాస్టిక్‌దే ఉంటుంది, దాన్ని పూర్తిగా లాగేయండి. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఒకసారి నేను చూసుకోకుండా పెడితే మా ఆడపులి గంగ మూరెడు దారం మింగేసింది. అది పేడలో బయటపడేదాకా మూడు రోజులు నాకు ఒకటే టెన్షన్, అన్నం సహించలేదు. డాక్టరుగారు రోజుకు రెండుసార్లు వచ్చి దాని పొట్ట చూసి వెళ్లేవారు.

ఆ సంచిలో వరిగడ్డి కుక్కండి. మామూలు గడ్డి కంటే, జింకలు ఒక రాత్రి పడుకున్న గడ్డి అయితే ఇంకా మంచిది. దుప్పుల పెంటికలు రెండు గుప్పెళ్లు వేయండి. నులిపురుగుల మందు వేళకు వేస్తున్న మంద నుంచే తీసుకోవాలి, అది కూడా డాక్టరుకు చెప్పి. మూతిని అదే గోనె పీలికతో ముడేసి, చెట్టు కింద పడేసి, బయటికి వచ్చేయండి.

భీముడు ఆ సంచిని ముట్టుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. మొదటి రోజు దాన్ని చూసి గోడకు అతుక్కుపోయాడు. నాలుగో రోజు చుట్టూ తిరిగాడు. తొమ్మిదో రోజు పొద్దున, మంచు ఇంకా విడవలేదు, మెడ చాచి మూతి ఆనించాడు. పైపెదవి ముడుచుకుపోయింది, నోరు సగం తెరిచి, కళ్లు అరమోడ్చి, ఊపిరి బిగబట్టినట్టు అలా ఉండిపోయాడు. కొత్తవాళ్లు దాన్ని కోపం అనుకుంటారు. కోపం కాదు. పిల్లి జాతికి అంగిట్లో వాసన పట్టే అవయవం ఇంకొకటి ఉంటుంది, దానికి గాలి అందించడం కోసం అలా చేస్తాయి. ఆ తర్వాత వాడు సంచిని ముందుకాళ్ల మధ్య ఇరికించుకుని, వెల్లకిలా పడి, వెనక కాళ్లతో తన్నాడు. గడ్డి అంతా జూలులో చిక్కుకుంది. పన్నెండేళ్ల సింహం పిల్లలా ఆడటం నేను చూడటం అదే మొదటిసారి.

వాసనల్లో దాల్చినచెక్క, లవంగం, జాజికాయ పొడి పనికొస్తాయి, మొద్దు మీద చిటికెడు చాలు. ఒకే వాసన రోజూ పెడితే నాలుగు రోజులకు విసుగొస్తుంది, కాబట్టి మారుస్తూ ఉండండి. బెల్లం, తేనె పూయకండి. పిల్లి జాతికి తీపి తెలియదు. కర్పూరం, నీలగిరి తైలం లాంటివి దగ్గరికే రానివ్వకండి. వాటిని అరిగించి బయటికి పంపే శక్తి పిల్లుల కాలేయానికి చాలా తక్కువ. ఫినాయిల్‌ది కూడా అదే గొడవ. దానితో కడిగినప్పుడు, అది బాగా వదిలేలా మామూలు నీళ్లతో మళ్లీ కడగండి. అన్నీ ఒకేరోజు కడిగేయకండి. జంతువు తన వాసన రాసుకున్న ఒక మొద్దునైనా అలాగే ఉంచండి. ఇది తన ఇల్లు అని దానికి గుర్తు అదే.

దసరా అయ్యాక చాలామంది గుమ్మడికాయలు తెచ్చిస్తారు. నీళ్ల తొట్టిలో తేలేస్తే పులులు వాటిని ముంచి, పైకి వదిలి, మళ్లీ ముంచి గంటసేపు ఆడతాయి. అయితే దిష్టి తీసినవి మాత్రం తీసుకోకండి. కుంకుమ, కర్పూరం, లోపల చిల్లర నాణేలు ఉంటాయి. దండం పెట్టి వెనక్కి పంపేయండి, వాళ్లేం అనుకోరు.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు కూడా బాగానే ఉంటాయి, కానీ అంతకుముందు అందులో ఏం పోశారో తెలియనిది వద్దు. తల దూరి ఇరుక్కునే కంత ఉండకూడదు. పాత టైర్లలో ఇనుప తీగలు ఉంటాయి, నేనైతే వాడను. అట్టపెట్టెలకు టేపు, పిన్నులు పీకేయాలి. నైలాన్ తాడు వద్దు, కొబ్బరి పీచు తాడు వాడండి, అది కూడా మెడకు ఉచ్చు పడేంత వదులుగా వేలాడకూడదు.

గోళ్లు గీరుకోవడానికి వేప మొద్దో మామిడి మొద్దో కొబ్బరి మొద్దో బెరడుతో సహా పాతండి. గన్నేరు మాత్రం వద్దు, విషం. ముసలి జంతువులకు ఈ మొద్దు చాలా అవసరం. గీరుకోకపోతే గోళ్లు ఒంపు తిరిగి అరికాలి మెత్తలోకి దిగుతాయి. మా దగ్గరికి వచ్చిన వాటిలో రెండింటికి అలాగే దిగి చీము పట్టింది.

మాంసంతో ఆడించాలంటే గుర్తుంచుకోవలసింది ఒకటే: అది రోజువారీ కోటాలోంచే తీయాలి, అదనం కాదు. ఎముకతో ఉన్న ముక్కను గుంజకు కట్టినా, ఆకుల కింద దాచినా సరే. రోహిణి కార్తెలో బకెట్‌లో నీళ్లు, కబేలా నుంచి తెచ్చిన రక్తం, చిన్న మాంసం ముక్కలు వేసి రాత్రంతా గడ్డకట్టించి ఆ దిమ్మ పెట్టండి. గంగ దాన్ని తొట్టిలోకి తోసి, దానితోపాటే దిగేది. ఒకే ఎన్‌క్లోజర్‌లో రెండు జంతువులుంటే తిండి మాత్రం విడివిడిగా నైట్ హౌస్‌లోనే ఇవ్వండి. ఆటవస్తువులు బయట పెట్టవచ్చు, కానీ రెండింటికి మూడు వస్తువులుండాలి. ప్రాణమున్న కోడిని వదిలి ఆట అనొద్దు.

ఈమధ్య సెంటర్లకు సర్కస్ జంతువులు రావడం లేదు. పందుల కోసం పెట్టిన ఉచ్చులో కాలు పోగొట్టుకున్న చిరుతలు వస్తున్నాయి. చిరుతకు సంచి కంటే ముందు మంచె కావాలి, మనిషి కంటపడకుండా దాక్కునే చోటు కావాలి. మూడు కాళ్లదైతే మంచెకు నిచ్చెన కాదు, వాలుగా దుంగ వేయండి, జారకుండా దాని మీద గోనె చుట్టండి. అది ఎక్కి కూర్చున్నాక వారం దాకా ఇంకేమీ పెట్టకండి.

చేతిలో కర్ర పట్టుకుని మాత్రం ఏ సర్కస్ జంతువు దగ్గరికీ వెళ్లకండి, చీపురు కర్ర అయినా సరే. కర్ర చూడగానే భీముడు వెంటనే ఎత్తైన చోటు వెతుక్కుని, స్టూలు మీద కూర్చున్నట్టు నాలుగు కాళ్లూ దగ్గరకు పెట్టి కూర్చునేవాడు. అలా కూర్చోబెట్టడానికి వాణ్ణి ఎంత కొట్టి ఉంటారో. అందుకే వస్తువు పెట్టాక పిలవకండి, చప్పట్లు కొట్టకండి, ఫోటో కోసం సంచి జరపకండి. ముట్టుకోకపోతే మానేయనివ్వండి. వాడి జీవితంలో వద్దనే హక్కు వాడికి దొరకడం ఇదే మొదలు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏం పెట్టారు, ఎన్ని గంటలకు, దగ్గరికి ఎంతసేపటికి వచ్చింది, ఎంతసేపు ఆడింది, ఆ రోజు ఎంతసేపు అటూ ఇటూ తిరిగింది, ఇవి చాలు. ఆడే జంతువు రెండు రోజులు సంచి వైపు చూడలేదంటే డాక్టరుకు చెప్పండి. పన్ను నొప్పో, కీళ్ల నొప్పో అన్నం మానకముందే ఆ పుస్తకంలో కనిపిస్తుంది.

పళ్లన్నీ పోయి, కళ్లకు పొర కమ్మి ముసలివైపోయాక గుంజ, డ్రమ్ము తీసేయండి. ఖీమాను మొద్దు మీద ముక్కు ఎత్తులో రాయండి. గడ్డి మందంగా పరవండి. సంచి మాత్రం మానకండి. చివరి చలికాలం భీముడు దాన్ని తన్నలేకపోయేవాడు, దాని మీద గడ్డం ఆనించి పడుకునేవాడు. వారానికోసారి నేను లోపలి గడ్డి మార్చేవాణ్ణి.