ఆల్బమ్ విని అభిప్రాయం రాయడం – 4వ పాఠం: ముందు తేడా, తర్వాత తీర్పు

పోయిన పాఠంలో ఒక సంగీత రచనను మూడుసార్లు విని, చెవికి తగిలిన చోట్లను నిమిషం, సెకనుతో సహా రాసుకోమన్నాను. ఆ అలవాటు ఇప్పుడు పనికొస్తుంది. ఈసారి ఒకే బృందం చేసిన రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన పెట్టి విందాం.

బృందం పేరు శక్తి. జాజ్-రాక్ బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్‌తో హోరెత్తించిన జాన్ మెక్‌లాఫ్లిన్ ఇక్కడ అకూస్టిక్ గిటార్ పట్టుకుని, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్రామ్ ఘటం మధ్య కూర్చున్నాడు. 1975 జులైలో లాంగ్ ఐలండ్‌లో చేసిన కచేరీయే వీళ్ల మొదటి ఆల్బమ్. అందులో ఆర్. రాఘవన్ మృదంగం కూడా ఉంది. ఉన్నవి మూడే రచనలు, చివరిది దాదాపు 29 నిమిషాలు. 1977 నాటి మూడో ఆల్బమ్ 'నేచురల్ ఎలిమెంట్స్' స్టూడియోలో తయారైంది. ఇందులో ఎనిమిది రచనలు, ఏదీ పది నిమిషాలు దాటదు. మొదటిదాన్ని తలుచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దీన్ని ఓపిగ్గా వినేవాళ్లు తక్కువ.

నేనూ చాలాకాలం దీన్ని 'కమర్షియల్ అయిపోయింది' అని పక్కన పెట్టేశాను. అది తప్పు. ఆ మాట ఆల్బమ్‌లో ఏం వినిపిస్తోందో చెప్పదు, నా చిరాకును మాత్రమే చెబుతుంది. అందుకే ముందు ఏం మారిందో రాయండి, బాగుందో లేదో ఆ తర్వాత తేల్చండి.

ఏం మారింది? మృదంగం పోయింది. మృదంగం ఎడమవైపు నుంచి వచ్చే గంభీరమైన నాదం బరువంతా ఇప్పుడు తబలా జతలోని పెద్దదైన డగ్గా మీద పడింది. ఇది నష్టమేనా? నా చెవికి కాదు. మూడు తాళవాద్యాలు ఒకేసారి మోగినప్పుడు మరుగున పడే ఘటం దెబ్బలు ఇక్కడ విడివిడిగా వినిపిస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క ఘటాన్నే వెంబడించండి, నా మాటతో ఏకీభవించనక్కర్లేదు.

ఇక నిడివి. మొదటి ఆల్బమ్‌లోని 'జాయ్' దాదాపు 18 నిమిషాలు సాగుతుంది. గిటార్, వయొలిన్ ఒక్క గొంతులా పరుగెత్తి, విడిపోయి, మళ్లీ కలుసుకునే దాకా కచేరీలో ఎదురుచూసినట్టే ఎదురుచూస్తాం. 'నేచురల్ ఎలిమెంట్స్'లోని 'కమాన్ బేబీ డాన్స్ విత్ మీ' దాదాపు రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఎదురుచూసే వ్యవధే లేనప్పుడు కలుసుకోవడంలో ఆనందం ఎక్కడిది? ఇక్కడ నా తీర్పు గట్టిదే. అయితే ఆల్బమ్ చివర్లో వచ్చే 'పీస్ ఆఫ్ మైండ్' కూడా చిన్నదే. నిదానంగా నడిచి, చెప్పాల్సింది చెప్పి ఊరుకుంటుంది. దాన్ని పదిహేను నిమిషాలకు సాగదీస్తే పాడైపోయేది. ఒకే తేడా ఒకచోట లోపమైంది, ఇంకోచోట గుణమైంది. ఆల్బమ్ మొత్తానికి ఒకే ముద్ర వేసే రాతల్లో దొరకనిది ఇదే.

గిటార్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మెక్‌లాఫ్లిన్ అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో కర్ణాటక సంగీత విద్వాంసుడు ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. శక్తి కోసం చేయించుకున్న గిటార్‌లో మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించాడు, తీగను లాగి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరు, పలికించడానికి. అయినా వయొలిన్ జారినంత మెత్తగా ఆ గిటార్ జారదు. శ్రద్ధ చూసి మార్కులు వేయకండి, వినిపించినదానికే వేయండి.

అభ్యాసం: రెండు ఆల్బమ్‌ల నుంచి ఒక్కో రచన ఎంచుకోండి. చేత్తో తాళం వేస్తూ వినండి. తాళం తప్పిన చోట ఆపి సమయం రాసుకోండి. ఆపైన తేడా చెప్పే వాక్యాలు నాలుగు, తీర్పు చెప్పే వాక్యం ఒక్కటి రాయండి. 'అద్భుతం', 'కమర్షియల్', 'ఫ్యూజన్' అనే మాటలు వాడొద్దు. వచ్చే పాఠానికి ఆ అయిదు వాక్యాలు కావాలి, వాటినే దిద్దుకుంటాం.