ఫ్రీ సైన్స్ కోర్సులు ఒంటబట్టాలంటే ముందు బావి దగ్గరికి వెళ్లండి

ఆన్‌లైన్‌లో ఫ్రీగా సైన్స్ నేర్చుకుందామని ఉత్సాహంగా పేరు నమోదు చేసుకుని, రెండో వీడియోకే వదిలేసినవాళ్లు నాకు తిరుపతిలో చాలామంది తెలుసు. నేనూ అలా మూడు కోర్సులు వదిలేశాను. తర్వాత కోర్సు వెతకడం మానేసి, ముందు ఇంట్లోదో పొలంలోదో ఒక ప్రశ్న పట్టుకోవడం మొదలుపెట్టాను. అప్పట్నుంచి చదివింది నిలబడుతోంది.

నా మొదటి ప్రశ్న పాకాల దగ్గర మా పాత బావి. ఎండాకాలం నీళ్లు అడుగుకు పోయేకొద్దీ నాయన, చిన్నాన్న తాళ్లు కట్టి మోటారును ఇంకొంచెం కిందికి దింపేవాళ్లు. పైనే ఉంచి పొడుగు పైపు వేస్తే పోలేదా అంటే "అంత లోతు నుంచి లాగదురా" అనేవాడు నాయన. ఎందుకు లాగదు? చాలా ఏళ్లు నాకు జవాబు దొరకలేదు.

మీరూ అలాంటిదొకటి కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోండి. తర్వాత దాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారో కనుక్కోవాలి, మనవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. తెలుగు వికీపీడియాలో దగ్గరి మాట తెరవండి, నా విషయంలో అది "పీడనం", భాషల జాబితాలో ఇంగ్లిష్ నొక్కితే అదే విషయం పేజీ వస్తుంది. పైనున్న పేరే మీరు వెతకాల్సిన మాట, నాకు దొరికింది "ప్రెషర్".

ఆ మాట పట్టుకుని నేను ఫెట్ (PhET) సిమ్యులేషన్లకు, అంటే స్క్రీన్ మీదే చేసి చూసే ప్రయోగాలకు వెళ్లాను. వీటిని నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు, ఫోన్‌లోనే నడుస్తాయి, పైసా కట్టక్కర్లేదు, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. "అండర్ ప్రెషర్" అనేదాంట్లో ఒక నీళ్ల తొట్టి, ప్రెషర్ మీటరు ఉంటాయి. మీటరును నీళ్ల పైన పెడితే సుమారు 101 కిలోపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) చూపిస్తుంది. వాతావరణాన్ని ఆఫ్ చేశాను, సున్నాకి పడిపోయింది! అంటే ఆ 101 మొత్తం మన నెత్తిన ఉన్న గాలి బరువే. 3 మీటర్ల నీళ్లకు సుమారు 29 వస్తుంది, ఆ లెక్కన 101 అంటే 10 మీటర్ల చిల్లర నీళ్లు.

బావి సంగతి అప్పుడు అర్థమైంది. మోటారు నీళ్లను లాగదు, పైపులో ఒత్తిడి తగ్గిస్తుంది, బావి నీళ్ల మీద నొక్కుతున్న బయటి గాలే వాటిని పైపులోకి తోస్తుంది. ఆ గాలి ఎంత తోసినా 10.3 మీటర్లు, అంటే 34 అడుగులు దాటించలేదు, పైపు రాపిడి వగైరా పోతే నిజంగా దక్కేది ఇంకా తక్కువ. అందుకే ఇప్పుడు బోర్లలో సబ్‌మెర్సిబుల్ మోటారును నీళ్లలోకే దింపుతాం. అది కింద నుంచి నెడుతుంది కాబట్టి గాలితో పని లేదు. నాయనకు ఈ లెక్క తెలియకపోయినా ఎంత దింపాలో మాత్రం కచ్చితంగా తెలుసు.

పెద్ద కోర్సు జోలికి ఇంత రుచి చూశాకే వెళ్లండి. ఎన్‌పీటెల్ అంటే ఐఐటీల, బెంగళూరు ఐఐఎస్సీ పాఠాలు, కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో చేరి ఉచితంగా చదవొచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. కానీ చాలావరకు ఇంజనీరింగ్ స్థాయివి, లెక్కలు ఎక్కువ. ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకునేవాళ్లకు బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌లెర్న్ నయమని నా అభిప్రాయం, చిన్న చిన్న ఉచిత కోర్సులు, తీరిక ఉన్నప్పుడు చదువుకోవచ్చు. లెక్కల దగ్గర తడబడితే ఖాన్ అకాడమీ అనే ఉచిత సైటు చూడండి. ఇంగ్లిష్ వేగంగా ఉందనిపిస్తే వీడియో స్పీడు 0.75కి తగ్గించి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, టెన్షన్ పడకండి. పిల్లలుంటే అలిపిరి రోడ్డులోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి ఒకసారి తీసుకెళ్లండి.

చదివినదాన్ని చేత్తో తేల్చుకోవడం మాత్రం మానొద్దు. ఈ వారానికి ఇది చేయండి. మీ కరెంటు మీటరు మీద ఒక ఎర్ర లైటు మినుకుమంటుంటుంది, దాని దగ్గర యూనిట్‌కు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది, 3200 అనుకుందాం. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాన్ తిప్పండి. అది 75 వాట్లదైతే గంటకు 240 మినుకులు, అంటే 15 సెకన్లకు ఒకటి రావాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నాలుగైదు మినుకులు లెక్కపెట్టండి, తర్వాత ఫ్యాన్ ఆపి టీవీ పెట్టి మళ్లీ చూడండి.