ఏడో తరగతి పిల్లలకు పది రోజుల వృత్తి శిక్షణ: ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లె బడులలో నడిపించే పద్ధతి

ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్ళోని పనివారి దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. ఈ పది రోజులను చార్టులు అతికించడంతో గడిపేయడం పిల్లలకు అన్యాయం చేయడమే.

ముందుగా, బడికి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఏ పని జరుగుతోందో చూడాలి. ధర్మవరంలో పట్టుమగ్గం, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు, రాయదుర్గంలో జీన్సు కుట్టుపని ఉన్నాయి. తాడిపత్రి బండల పాలిష్ దగ్గర రాతిధూళి ఎక్కువ కనుక అక్కడికి పిల్లలను పంపకూడదు. చీనీ (బత్తాయి) తోటలున్న పల్లెకైతే, నా అనుభవంలో, బిందు సేద్యాన్ని మించిన పాఠం లేదు.

మొదటి రెండు రోజులు బోరు దగ్గర నుంచి చివరి చెట్టు దాకా నడిపించి, ఫిల్టరు, మెయిన్ పైపు, చెట్ల వరుసల వెంట సాగే సన్నని లేటరల్ పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీయించాలి. తరువాత ఒక వరుసలో మొదటి చెట్టు దగ్గర, చివరి చెట్టు దగ్గర నీటిని చుక్కలుగా వదిలే డ్రిప్పర్ల కింద డబ్బాలు పెట్టించి, పదిహేను నిమిషాలలో ఎంత నీరు పడిందో కొలిపించాలి. గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పరైతే ఒక లీటరు రావాలి. చివరి చెట్టు దగ్గర అంతకంటే తక్కువ వస్తే, పైపు కారుతోందా, ఉప్పు పేరుకుందా, ఒత్తిడి చాలడం లేదా అన్నది పిల్లలే వెతకాలి, ఉపాధ్యాయుడు తొందరపడి చెప్పేయకూడదు. లేటరల్ చివరి మూత తీసి మురికి నీరు వదలడం, ఫిల్టరు జాలీ కడగడం వారి చేత చేయించవచ్చు. యాసిడ్‌తో శుభ్రం చేయడం, మోటారు స్టార్టరు పెట్టె తెరవడం మాత్రం రైతో, మెకానిక్కో చేస్తుండగా దూరం నుంచి చూపించాలి. ఆ కొలతలే మరునాడు గణితంలో సగటుకూ, భౌతికశాస్త్రంలో ఒత్తిడికీ లెక్కలవుతాయి.

జట్లు కట్టేటప్పుడు ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి. నేతపనివారి బిడ్డను మగ్గం దగ్గరికి, మార్కులు తక్కువ వచ్చినవారిని మోటారు దగ్గరికి పంపితే, కులాన్నీ చిన్నచూపునూ బడే నేర్పినట్టవుతుంది. చీటీలు వేసి జట్లు కట్టాలి, స్పానరు ఆడపిల్లల చేతికీ ఇవ్వాలి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని చట్టం నిషేధిస్తుంది కనుక, యజమాని అమ్ముకునే సరుకును వారి చేత తయారు చేయించకూడదని ముందే స్పష్టంగా మాట్లాడుకోవాలి.

“మోటార్లు బాగు చేసేదానికా సార్ మా పిల్లోన్ని బడికి పంపింది?” అని అడిగే తల్లిదండ్రులు తప్పక ఉంటారు. వారిని పదో రోజు తోటకే పిలిచి, పిల్లల చేతనే ఆ పటం, ఆ కొలతలు వివరింపజేయాలి. పై తరగతులలో ఇదే పునాదిగా పాలిటెక్నిక్‌కైనా, వ్యవసాయ డిప్లొమాకైనా వెళ్ళవచ్చని ఆ తోటలోనే చెప్పాలి.