జేఎస్ఎఫ్ యాప్‌కి స్ప్రింగ్ సెక్యూరిటీ తగిలించే ముందు చూసుకోవాల్సినవి

నడుస్తున్న జేఎస్ఎఫ్ (జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) యాప్‌కి లాగిన్ పెట్టమని పైనుంచి మాట రాగానే చాలామంది చేసేది ఒకటే: స్ప్రింగ్ సెక్యూరిటీ (లాగిన్, అనుమతులు చూసుకునే జావా లైబ్రరీ) జార్‌లు వేసి, అడ్మిన్ ఫోల్డర్‌కి ఒక రూల్ రాసి, లాగిన్ పేజీ వచ్చేసింది కదా అని రిలీజ్‌కి పంపేయడం. లాగిన్ పేజీ రావడం తేలికే. ఆ తర్వాత ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే దగ్గరే తంటా అంతా.

సెక్యూరిటీ ఫిల్టర్ (ప్రతి రిక్వెస్ట్‌నీ ముందుగా ఆపి చూసే కోడ్) చూసేది బ్రౌజర్ అడిగిన యూఆర్ఎల్‌ని. జేఎస్ఎఫ్‌లో బటన్ నొక్కితే పోస్ట్ వెళ్లేది ఆ ఫారం ఉన్న పేజీకే, బటన్ వెనకున్న యాక్షన్ మెథడ్ ఇచ్చిన అవుట్‌కమ్‌ని (తర్వాతి పేజీ పేరుని) బట్టి కొత్త పేజీ అదే రిక్వెస్ట్‌లో తయారై వచ్చేస్తుంది. అంటే హోమ్‌లో ఉన్న బటన్ అడ్మిన్ పేజీ పేరు తిరిగిస్తే, అడ్రస్ బార్‌లో ఇంకా హోమ్ అనే ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం యూజర్ల లిస్టు! గేటు దగ్గర వాచ్‌మన్‌ని పెట్టి పెరటి తలుపు తీసి ఉంచినట్టు. స్ప్రింగ్ సెక్యూరిటీ వెర్షన్ 6 ఫార్వర్డ్‌లను (సర్వర్ లోపలే ఇంకో పేజీకి పంపడాన్ని) కూడా చెక్ చేస్తుంది కదా అంటారేమో, ఇది సర్వ్‌లెట్ ఫార్వర్డే కాదు, లోపల వ్యూ మారింది అంతే, కాబట్టి అక్కడా దొరకదు.

అందుకే అవుట్‌కమ్ చివర ఫేసెస్-రీడైరెక్ట్=ట్రూ పెట్టండి. అప్పుడు బ్రౌజర్ కొత్త యూఆర్ఎల్‌తో మళ్లీ వస్తుంది, ఫిల్టర్ కంట పడుతుంది. "సేవ్ అయింది" లాంటి మెసేజ్‌లు రీడైరెక్ట్‌లో ఎగిరిపోతాయి, వాటికి ఫ్లాష్ స్కోప్ (తర్వాతి రిక్వెస్ట్ దాకా డేటా నిలిపి ఉంచే చోటు) వాడుకోవాలి. అయినా నా లెక్కలో యూఆర్ఎల్ రూల్ ఒక్కటే సరిపోదు, డిలీట్ లాంటి పనులు చేసే సర్వీస్ మెథడ్ మీద ప్రీఆథరైజ్ (మెథడ్ నడిచే ముందు అనుమతి చూసే అనోటేషన్) కూడా ఉండాల్సిందే. ఆ సర్వీస్ బీన్ (ఆబ్జెక్ట్) స్ప్రింగ్ చేతిలో ఉంటేనే అది పనిచేస్తుందని మరిచిపోకండి.

వెబ్.ఎక్స్ఎంఎల్ (యాప్ సెట్టింగుల ఫైల్) కూడా ఓసారి తెరవండి. పాత ప్రాజెక్టుల్లో జేఎస్ఎఫ్ పేజీలను నడిపే ఫేసెస్ సర్వ్‌లెట్‌కి రెండు మూడు మ్యాపింగ్‌లు (యూఆర్ఎల్ దారులు) ఉంటాయి, ఒకే పేజీ ముందు ఫేసెస్ తగిలించిన దారిలోనూ తెరుచుకుంటుంది, మీరు రూల్ రాసింది ఒక్క దారికే అయితే లాభం లేదు. ఒక్క మ్యాపింగే ఉంచండి.

లాగిన్ ఫారాన్ని జేఎస్ఎఫ్ ట్యాగ్‌లతో రాస్తే ఫీల్డ్ పేరు ముందు ఫారం ఐడీ, కోలన్ వచ్చి చేరతాయి, అటువైపు ఫిల్టర్ ఉత్త యూజర్‌నేమ్ కోసం చూస్తుంటుంది, పాస్‌వర్డ్ కరెక్టే అయినా లోపలికి రానివ్వదు. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారం రాసుకోవడం హాయి, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (వేరే సైట్ నుంచి దొంగ రిక్వెస్ట్‌లు రాకుండా చూసేది) హిడెన్ ఫీల్డ్ మాత్రం మీరే పెట్టాలి. లాగిన్ పేజీనీ, జేఎస్ఎఫ్ రిసోర్స్ దారినీ అందరికీ తెరవకపోతే రీడైరెక్ట్‌ల చక్రంలో పడతారు, లేదంటే సీఎస్ఎస్ లేని బోసి పేజీ కనిపిస్తుంది.

ఇక టెస్టింగ్‌లో ఎవరూ పట్టించుకోనిది, సెషన్ అయిపోయాక వచ్చే అజాక్స్ (పేజీ మొత్తం రీలోడ్ కాకుండా వెళ్లే) క్లిక్. జేఎస్ఎఫ్ స్క్రిప్ట్ ఎక్స్ఎంఎల్ కోసం చూస్తుంటే దానికి లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్ చేతికొస్తుంది. యూజర్‌కి మాత్రం బటన్ చచ్చిపోయినట్టు ఉంటుంది, ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఎంట్రీ పాయింట్‌లో (లాగిన్ కానివాళ్లని లాగిన్ పేజీకి పంపే స్ప్రింగ్ సెక్యూరిటీ కోడ్‌లో) ఫేసెస్-రిక్వెస్ట్ హెడర్ చూసి, అజాక్స్ అయితే పార్షియల్-రెస్పాన్స్‌లో (జేఎస్ఎఫ్ స్క్రిప్ట్‌కి అర్థమయ్యే ఎక్స్ఎంఎల్‌లో) రీడైరెక్ట్ పెట్టి పంపండి. రిలీజ్‌కి ముందు సెషన్ టైమౌట్ 1 నిమిషానికి తగ్గించి, ట్యాబ్ అలాగే వదిలేసి, టీ తాగొచ్చి ఆ బటన్ నొక్కి చూడండి.