చింతగింజ రాలింది సరే, పిల్లాడి అరచేతులు చూశారా?

కార్తీకం వానలు పట్టుకున్నాయంటే మా కనిగిరి వైపు తేళ్ళు బయటపడతాయి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా. బొరియల్లోకి నీళ్ళు దిగితే పొడి చోటు వెతుక్కుంటూ కట్టెల మోపులోకి, తాటాకుల్లోకి, గడప పక్కన విడిచిన చెప్పుల్లోకి చేరతాయి.

నిరుడు మా అక్క కొడుకు, ఆరేళ్ళవాడు, చీకట్లో చెప్పు తొడుక్కుంటుంటే ఎర్ర తేలు కుట్టింది. అమ్మ చింతగింజను బండ మీద అరగదీసి, వేడిగా ఉండగానే కుట్టిన చోట అంటించింది. "విషం లాగేశాక అదే రాలిపోతుంది" అంటే అందరం గింజనే చూస్తూ కూర్చున్నాం. గింజ రాలింది, నొప్పీ తగ్గిందన్నాడు. కానీ చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, అరచేతులు మంచులా చల్లబడ్డాయి, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాం. బతికాడు. ఆ పోగొట్టుకున్న గంటన్నర తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

నల్లటి పెద్ద మండ్రగబ్బను చూస్తే హడలిపోతాం గానీ, అసలు ప్రమాదం సన్నటి ఎర్ర తేలుతోనే. దాని విషం గుండెను, ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. నొప్పి తగ్గినంత మాత్రాన విషం దిగినట్టు కాదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బవస్కర్ 1980ల్లో ప్రాజోసిన్ మాత్ర వాడడం మొదలుపెట్టాక ఎర్ర తేలు కాటు మరణాలు బాగా తగ్గాయి. అది డాక్టరు బీపీ చూసి ఇవ్వాల్సిన మందు, ఇంట్లో వేసేది కాదు. పిల్లల్ని కుడితే లక్షణాల కోసం ఎదురు చూడకుండా 108కి ఫోన్ చేయండి.

చీమ, కందిరీగ కుడితే గట్టు మీది తుమ్మి ఆకో ఉత్తరేణి ఆకో శుభ్రంగా కడిగి, పసరు పైపైన రాసుకోవచ్చు. చల్లటి నీళ్ళ గుడ్డ ఇంకా మేలు. తేనెటీగ అయితే ముందు ముల్లు గోటితో గీకేయండి, ఆలస్యం చేయొద్దు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా పసరు సంగతి మర్చిపోయి బయల్దేరండి. పసరును ముక్కులో, చెవిలో పిండడం, సున్నం పెట్టడం, బ్లేడుతో కోయడం, తాడు బిగించి కట్టడం అసలే వద్దు.

కట్టెలు తీసేటప్పుడు ముందు కర్రతో కదపండి. చెప్పులు దులిపి తొడుక్కోండి. మంచాన్ని గోడకు ఆనించకండి. అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొనుక్కోండి, ఆ వెలుగులో తేలు పచ్చనీలంగా మెరుస్తుంది. వాన వెలిసిన రాత్రి దాంతో పిల్లలు పడుకునే గది మూలలన్నీ ఒకసారి చూడండి.