సర్వర్‌లో పాత లాగ్‌లు: ఫైండ్‌తో చూసి, చూసి తీసేయడం

లైనక్స్ సర్వర్‌లో డిస్క్ నిండిందనగానే, ఫైళ్లను తీసేసే ఆర్‌ఎమ్ కమాండ్ జోలికి వెళ్లొద్దు. నిండిన పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) ఏదో డీఎఫ్ -హెచ్ చెబుతుంది, అందులో ఏ డైరెక్టరీ బరువెక్కిందో డీయూ -ఎస్‌హెచ్ చెబుతుంది. అది /వార్/లాగ్/యాప్, అంటే ప్రోగ్రామ్ తన పనిని రాసుకునే లాగ్ ఫైళ్లు ఉండే చోటు అనుకుందాం. మొదట, ఫైళ్లను వెతికిపెట్టే ఫైండ్ కమాండ్‌తో, కుదించిన (జీజెడ్) పాత లాగ్‌లను చూడటం వరకే:

ఫైండ్ /వార్/లాగ్/యాప్ -ఎక్స్‌డెవ్ -టైప్ ఎఫ్ -నేమ్ '*.జీజెడ్' -ఎమ్‌టైమ్ +30 -ఎల్ఎస్

-ఎల్ఎస్ ఉంటే సైజు, తేదీ, ఓనర్ కూడా కనిపిస్తాయి. -ఎక్స్‌డెవ్ పెడితే లోపల మౌంట్ చేసిన వేరే డిస్కుల్లోకి వెళ్లదు. '*.జీజెడ్' చుట్టూ ఉన్న కోట్స్ మాత్రం మరవకండి. అవి లేకపోతే, మీరున్న డైరెక్టరీలో జీజెడ్ ఫైల్ ఒక్కటున్నా షెల్ (మీ కమాండ్‌లను చదివి నడిపే ప్రోగ్రామ్) ఆ నక్షత్రాన్ని దాని పేరుగా మార్చేస్తుంది, ఫైండ్ ఆ ఒక్క పేరే వెతుకుతుంది.

-ఎమ్‌టైమ్ +30, అంటే వయసు 30 రోజులకు మించినవి అనే షరతు దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. ఫైండ్ వయసును 24 గంటల చొప్పున కొలిచి, మిగిలిన గంటలు వదిలేస్తుంది. 30 రోజుల 23 గంటల ఫైల్ దాని దృష్టిలో ఇంకా 30 రోజులదే. అంటే 31 నిండితేనే జాబితాలోకి వస్తుంది. 30 నిండినవీ కావాలంటే +29 ఇవ్వాలి.

ఈ వయసు ఫైల్‌లోని సమాచారం చివరిసారి మారిన తేదీ నుంచి. మామూలు సీపీ కమాండ్‌తో కాపీ చేస్తే పాత ఫైల్‌కి ఈరోజు తేదీ పడుతుంది, మీ వలకు చిక్కదు. టార్ (చాలా ఫైళ్లను కలిపి కట్టిన మూట) లోంచి విప్పినవి దీనికి సరిగ్గా ఎదురు: నిన్న విప్పినా లోపలి పాత తేదీలే ఉంటాయి, నిక్షేపంగా ఎగిరిపోతాయి. అందుకే జాబితా పూర్తిగా చదవాలి.

సరిగ్గా ఉందనిపిస్తే పై బాణం నొక్కి అదే కమాండ్‌ను మళ్లీ తెచ్చుకుని, చివరి మాట -ఎల్ఎస్ ఒక్కటే -డిలీట్‌గా మార్చండి. అది చివరే ఉండాలి. ఫైండ్ షరతులను ఎడమ నుంచి కుడికి చూస్తుంది కాబట్టి, -డిలీట్ ముందుకొస్తే పేరూ వయసూ చూడకముందే ఆ డైరెక్టరీ కింద ఉన్నదంతా పోతుంది. చెత్తబుట్ట ఉండదు. -ప్రూన్‌తో కొన్ని డైరెక్టరీలను తప్పిద్దామనుకున్నా కుదరదు: -డిలీట్ లోపలి నుంచి పైకి నడుస్తుంది, -ప్రూన్‌కి అక్కడ పనిలేదు.

తీసేశాక కూడా డీఎఫ్‌లో ఖాళీ పెరగలేదా? ఆ ఫైల్‌ను ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1 కొడితే దాని పేరు దొరుకుతుంది, ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే చోటు వస్తుంది. రాస్తూ ఉన్న లాగ్‌ను అసలు తీసేయకుండా, ట్రంకేట్ -ఎస్ 0 తో ఖాళీ చేయడమే మేలు.